నాలుగు మరమగ్గాలున్న మా నాయన ఏ వర్గం?

ఏకాంబరకుప్పం_పోగు
ఎస్వీ యూనివర్సిటీలో ఎం.ఏ. మొదటి ఏడాది చదువుతున్నా. ఈ వారం క్లాసులో మార్క్స్ చెప్పిన వర్గాల పాఠం జరిగింది. ఉత్పత్తి సాధనాలు చేతిలో ఉన్నవాళ్లు ఒకవైపు, ఒంట్లో సత్తువ తప్ప అమ్ముకునేదానికి ఇంకేమీ లేనివాళ్లు ఇంకోవైపు. సార్ బోర్డు మధ్యలో గీత గీసి, మీ ఇల్లు ఏ పక్క ఉందో రాసుకుని రమ్మన్నారు. మూడు రోజులుగా రాయలేకపోతున్నా.

మాది నగరి. షెడ్డులో నాలుగు మరమగ్గాలు, బ్యాంకు లోను తీసి కొన్నవి. పగలు ఇద్దరు నేస్తారు, ఒక్కొక్కరికి రెండు మగ్గాలు. వాళ్లు ఇంటికి పోయినాక మా నాయన రెండు మగ్గాలు వేసుకుని తెల్లారిందాకా నేస్తాడు. నూలు మాది కాదు, గుడ్డా మాది కాదు. షావుకారు బీములు, అంటే నిలువు నూలు చుట్టిన పెద్ద రోలర్లు, దింపిపోతాడు, నేసిన గుడ్డ కొలుచుకుని తీసుకుపోతాడు, మీటరుకు ఇంతని మజూరీ ఇస్తాడు. అందులోనుంచే మేము నేసేవాళ్లకు మీటరు లెక్కన ఇస్తాం.

పోయిన నెల ఆ ఇద్దరూ మీటరుకు అర్ధ రూపాయి పెంచమని అడిగినారు. నాయన కుదరదన్నాడు. ఆ రాత్రి అన్నం తినకుండానే షెడ్డుకు పోయినాడు. పాఠం ప్రకారం చూస్తే ఆయన దోపిడీ చేసే మనిషి. ఆయన చేతులు చూస్తే ఆ మాట నా నోట రాదు. గీతకు ఏ పక్క రాయాలి?

రాజనీతి_తిరుపతి
పెట్టీ బూర్జువా. సొంత సాధనాలుంటాయి, సొంత కష్టమూ ఉంటుంది. అట్లాంటి వాళ్లను పెట్టుబడి నెమ్మదిగా కిందికి, కూలీల్లోకి తోస్తుందని 1848 నాటికే మార్క్స్, ఎంగెల్స్ రాసినారు. ఆ పేరు రాసేయండి, మార్కులు పడతాయి.

ఏకాంబరకుప్పం_పోగు
మార్కుల కోసం అయితే ఆ మాట నాకూ తెలుసు సార్. పేరు పెట్టినంత మాత్రాన ఆ అర్ధ రూపాయి ఇవ్వాలా వద్దా అన్నది తేలడం లేదు.

అలిపిరి_ట్యాక్సీ
నాదీ ఇదే తంతు. కారు నా పేరు మీదే ఉండాది, ఫైనాన్సు కంపెనీ బుక్కు పట్టుకుని ఉండాది. కొండకు ట్రిప్పు కొడితే కమీషను లాడ్జి కౌంటరు వాడిది. నేను ఓనరంటే మా ఇంట్లోది నవ్వుతాది.

నేతగాడి_కొడుకు
మా నాయన పదిహేడేండ్లుగా నగరిలో షెడ్డుల్లో నేస్తుండాడు. అక్క రాసింది రెండుసార్లు చదివినా. వాళ్ల నాయన అన్నం తినకుండా పోయినాడని ఉంది. అడిగినోళ్లు ఆ రాత్రి ఏం తిన్నారో లేదు.

కోపంతో రాయడం లేదు. చిన్న షెడ్డు ఓనరు మంచోడే ఉంటాడు. పండక్కి గుడ్డలు పెడతాడు, ఆస్పత్రికి అడ్వాన్సు ఇస్తాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా ఇంకో షెడ్డుకు పోలేము. కరెంటు పోతే మగ్గం ఆగుతాది, మగ్గం ఆగితే మీటరు రాదు, మీటరు రాకపోతే కూలీ లేదు. పోగు తెగితే అతికే టైముకు డబ్బుల్లేవు. బీము మార్చేటప్పుడు అచ్చు అతికేదానికి, అంటే పాత పోగులకు కొత్త పోగులు కలిపేదానికి, ఒక పూట పోయినా అంతే. మాకు నెల జీతం కాదు కదా.

పాతకార్మికుడు
తమ్ముడు చెప్పిన దాని మీద మార్క్స్ ఒక అధ్యాయమే రాసినాడు. క్యాపిటల్ మొదటి సంపుటంలో, ముక్కల లెక్కన కూలీ గురించి. పెట్టుబడిదారీ పద్ధతికి బాగా నప్పే కూలీ ఇదేనంటాడు. ఎందుకంటే మేస్త్రీ నెత్తిన నిలబడి అరవక్కర్లేదు, మనిషి తన్ను తానే తరుముకుంటాడు. గంట తిండికి పోతే నష్టం తనకే అనిపిస్తుంది. కరెంటు పోవడం, నూలు నాసిగా ఉండడం, ఇట్లాంటి నష్టాలన్నీ యజమాని మీదనుంచి జారి నేసేవాడి మీద పడతాయి.

పోగమ్మా, ఇప్పుడు నీ ప్రశ్న. గీత తప్పు కాదు. గీతకు ఏ పక్కనో ఒక మంచి మనిషినో చెడ్డ మనిషినో నిలబెట్టాలని చూస్తుండావు, అక్కడ చిక్కుపడింది. 1867లో ఆ పుస్తకం ముందుమాటలోనే చెప్పినాడాయన: నేను మనుషుల గురించి మాట్లాడేది వాళ్లు ఆర్థిక సంబంధాలకు రూపాలుగా ఉన్నంత మేరకే, ఆ సంబంధాలకు ఒక్కో మనిషిని బాధ్యుణ్ణి చేయను అని. మీ నాయన మంచితనం గురించి మార్క్స్‌కు పేచీ లేదు. ఆయన అడిగేదల్లా, షెడ్డులో పుట్టిన మిగులు, అంటే కూలీ, ఖర్చులు పోగా మిగిలేది, ఎవరి చేతికి పోతుండాది అని.

దానికి మాటలు చాలవు, లెక్క కావాల. మీటరుకు షావుకారు ఎంత ఇస్తాడు, నేసేవాళ్లకు ఎంత పోతుంది, కరెంటు, లోను కంతు (నెల వాయిదా), సామాన్లు. మీ నాయన ఒప్పుకుంటే రాసి పెట్టు. నేను రైల్వే వర్క్‌షాపులో ముప్పై రెండేండ్లు యూనియన్‌లో ఉన్నా, లెక్క లేని వాదనలు చాలా చూసినా.

బెంగళూరు_శుక్రవారం
చిత్తూరు నాది, బెంగళూరులో సాఫ్ట్‌వేర్. నూటయాభై ఏళ్ల కిందటి ఇంగ్లండు ఫ్యాక్టరీ చూసి రాసిన దాన్ని ఇప్పటికి అతికించడం నాకు నచ్చదు. నా దగ్గర మ్యూచువల్ ఫండ్ ఉంది, మా కంపెనీ షేర్లున్నాయి. నేను కూలీనా, పెట్టుబడిదారునా? ఇప్పుడు అందరూ రెండూనే. వర్గం అన్న మాటకే అర్థం పోయింది.

షిఫ్ట్‌బీ_రేణిగుంట
అన్నా, ఆరు నెలలు ఉద్యోగం లేకపోతే ఆ ఫండ్ మీద ఇల్లు గడుస్తుందా? గడిస్తే పెట్టుబడిదారువి. గడవకపోతే జీతగాడివే, కాస్త దాచుకున్న జీతగాడివి.

బెంగళూరు_శుక్రవారం
మూడు నెలలు గడుస్తుంది. ఇంటి లోను ఉంది.

షిఫ్ట్‌బీ_రేణిగుంట
నాది అంతకన్నా తిక్క పరిస్థితి. రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో లైన్ లీడర్ని. నలభై మంది అమ్మాయిలు నా లైన్లో. సగం మంది కాంట్రాక్టరు మనుషులు, పట్టీ రంగు వేరు, పని మాత్రం అదే స్క్రూ, అదే బోర్డు. టార్గెట్ పడకపోతే పైవాడు నన్ను తిడతాడు, నేను వాళ్లను తిడతా. నా జీతం వాళ్లకన్నా ఏడు వేలు ఎక్కువ. బాత్రూముకు ఎంతసేపు పోయినారో రాసేది నేనే. ఆ కాగితం రాసిన రోజు ఇంటికొచ్చి మా చెల్లెలి మొహం చూడలేను, అది ఇంకో ఫ్యాక్టరీలో అట్లాంటి లైన్లోనే ఉంది.

నేనెవరు?

రాజనీతి_తిరుపతి
మీ గురించే ఎరిక్ ఓలిన్ రైట్ అనే అమెరికా సామాజికవేత్త పని చేసినాడు. మేనేజర్లు, సూపర్‌వైజర్లు రెండు వర్గాల లక్షణాలూ ఒకేసారి మోస్తారు, సొంతం ఏమీ లేదు కానీ ఇతరుల పని మీద అదుపు ఉంటుంది, దాన్ని వైరుధ్య వర్గస్థానం అన్నాడు. అంటే బోర్డు మీద గీత సన్నటి గీత కాదు, దానికి వెడల్పు ఉంది, ఆ వెడల్పులో మీలాంటి వాళ్లు చాలామంది ఉన్నారు.

ఇంకో సంగతి. వర్గం అంటే ఏమిటో మార్క్స్ విడిగా రాద్దామనుకున్న అధ్యాయం పూర్తి కాలేదు. క్యాపిటల్ మూడో సంపుటం ఆఖర్న 'వర్గాలు' అని మొదలుపెట్టి, కూలీ మీద, లాభం మీద, భూమి కౌలు మీద బతికే మూడు పెద్ద వర్గాలని చెప్పి, వర్గాన్ని వర్గంగా చేసేదేమిటి అని అడిగి, కాస్త దూరం పోయి ఆగిపోతుంది. ఆయన 1883లో పోయినాడు. ఎంగెల్స్ 1894లో అది అచ్చు వేసినాడు.

అలిపిరి_ట్యాక్సీ
సరిగ్గా మన ప్రశ్న కాడనే బెల్లు కొట్టేసినారా!

తోతాపురి_మూడెకరాలు
బంగారుపాళెం పక్కన మూడెకరాల మామిడి. 2025లో కాయ ధర ఎట్లా పడిందో ఈడ అందరికీ తెలుసు. కిలోకు 12 రూపాయలన్నారు, అందులో ఫ్యాక్టరీ ఇచ్చేది 8, గవర్నమెంటు ఇచ్చేది 4. రాసిన రేటు రాసినట్టే ఉండాది, నా కాయ కొనేటోడు ఉండాల కదా. పల్పు ఫ్యాక్టరీ గేటు కాడ ట్రాక్టరుతో రెండు రాత్రులు పడుకున్నా. కాయ మాగిపోతా ఉంటే వాడు చెప్పిన మాటకు తల ఊపినా.

అదే నేను తోపులో కాయ కోసేటోళ్లకు కూలీ ఇచ్చేటప్పుడు బేరం ఆడినా. నా భార్యే అనింది, గేటు కాడ నీకు జరిగింది వీళ్లకు నువ్వు చేస్తుండావు అని. ఆ మాట ఇంకా లోపల ఉండాది. అమ్మీ, మీ నాయన్ని నేను తప్పు పట్టలేను. వదిలిపెట్టనూ లేను.

రాజనీతి_తిరుపతి
మీలాంటి రైతుల గురించి 1852లో ఫ్రాన్సును చూసి మార్క్స్ ఒక పోలిక చెప్పినాడు. లక్షలమంది ఒకే తీరుగా బతుకుతారు, ఒకరికొకరికి పొత్తు ఉండదు, మూటలో బంగాళాదుంపల మాదిరి. దుంపలన్నీ కలిస్తే మూట అవుతుంది తప్ప ఒక శక్తి కాదు.

తోతాపురి_మూడెకరాలు
దుంప నయం సార్, నెల ఉంటాది. మా కాయ నాలుగు రోజుల్లో కుళ్లిపోతాది. కలిసి కూర్చొనేదానికి టైమెక్కడిది.

కానీ ఆ గేటు కాడ రెండు రాత్రుల్లో పక్క ట్రాక్టరోళ్లతో మాట్లాడినంత నేను ఇరవై ఏండ్లలో మాట్లాడలా. అది కూడా రాసుకోండి.

స్క్రాపుకు_అమ్మినవాడు
షెడ్డు ఓనర్ల మీద పడతా ఉండారు కాబట్టి ఒక మాట. నాకు పుత్తూరులో ఆరు మగ్గాలుండేవి. రిస్కు గురించి ఎవ్వరూ మాట్లాడరే? నూలు ధర పెరిగితే షావుకారు పని ఆపేస్తాడు. రెండు నెలలు బీములు రాలా. కంతులు ఆగలా. చివరికి మగ్గాలు కేజీ లెక్కన ఇనప సామాన్ల వాడికి అమ్మినా, మా అవ్వ పుస్తెలు తాకట్టు పెట్టి కొన్న మగ్గాలవి. నష్టమొచ్చినప్పుడు కూలీవాడు పంచుకోడు కదా. అట్లాంటప్పుడు లాభంలో ఆయన వాటా అని ఎట్లా అడుగుతారు?

నేతగాడి_కొడుకు
అన్నా, మీ మగ్గాలు పోయిన బాధ నాకు అర్థమవుతుంది, నిజంగా. కానీ పంచుకోలేదనడం తప్పు. ఆ రెండు నెలలు బీములు రాకపోతే మీ షెడ్డులో నేసేవాళ్లకు ఎవురు కూలీ ఇచ్చినారు? మీకు అమ్ముకునేదానికి ఇనుమైనా ఉండింది. వాళ్లకు ఏముంది? మా నాయన అట్లాంటి సమయంలోనే తిరుప్పూరు పోయినాడు, పదకొండు నెలలు. నేను ఏడో తరగతి. పోయిన పనివాళ్ల స్థానంలో నిలబడేదానికి ఇంకా పదిమంది వాకిట్లో ఉంటారు కాబట్టి కూలీ పెరగదు.

పాతకార్మికుడు
ఆ వాకిట్లో పదిమందికి మార్క్స్ పెట్టిన పేరు రిజర్వు సైన్యం. పని లేని వాళ్లు ఉన్నంతకాలం పని ఉన్నవాడి నోరు లేవదు.

స్క్రాపుకు అమ్మిన తమ్ముడూ, నీ మాట కొట్టిపారేయను. రిస్కు నిజమే. కానీ ఆ రిస్కు నీ నెత్తిన ఎందుకు పడిందో ఆలోచించు. షావుకారు దగ్గర వంద మగ్గాలు పెట్టి ఒక ఫ్యాక్టరీ కట్టేంత డబ్బు లేకనా? ఉంది. కట్టడు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో కరెంటుతో నడిచే చోట 10 మంది పనిచేస్తేనే అది ఫ్యాక్టరీ. కొత్త లేబర్ కోడ్‌లో ఆ సంఖ్య 20 చేసినారు. నాలుగు మగ్గాలు ఇక్కడ, ఆరు అక్కడ ఉంటే ఏ షెడ్డూ ఫ్యాక్టరీ కాదు. పని గంటల అదుపు లేదు, ఓవర్‌టైముకు రెట్టింపు లేదు. మగ్గం కొనే అప్పు నీది, షెడ్డు బాడుగ నీది, మజూరీ పెంచమని అడిగితే నిలబడాల్సిన మొహం నీది. గుడ్డ మాత్రం షావుకారుది. నీకు ఓనరని పేరు ఇచ్చి రిస్కు అప్పజెప్పినారు.

మా తాత కార్వేటినగరం జమీందారీ కింద శిస్తు కట్టినోడు. ఆయనకు ఎవరికి కడుతుండాడో కంటికి కనపడేది, దివాణం కనపడేది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయినాయి. ఇప్పుడు నేసేవాడికి షెడ్డు ఓనరు ఒక్కడే కనపడతాడు, ఓనరుకు షావుకారు ఒక్కడే. ఆ వెనక ఎవరున్నారో ఎవరికీ కనపడదు.

స్క్రాపుకు_అమ్మినవాడు
షావుకారు గురించి మీరు చెప్పింది నేను ఎప్పుడూ ఇట్లా అనుకోలా. ఆయన మా పెండ్లికి వచ్చినాడు, పెద్దమనిషి అనుకుని కాళ్లకు మొక్కినా.

నిర్వాహకుడు
పైన ఒక పోస్టులో షావుకారు పేరు, ఊరు ఉంటే తీసేసినాం. చర్చ కొనసాగించండి, పేర్లు వద్దు.

షిఫ్ట్‌బీ_రేణిగుంట
గంటల మాట వచ్చింది కాబట్టి. 1847లో ఇంగ్లండులో మిల్లుల్లో ఆడవాళ్లకు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు రోజుకు 10 గంటలకు మించకూడదని చట్టం తెచ్చుకున్నారు, ఏండ్ల తరబడి కొట్లాడి. మన రాష్ట్రంలో 2025లో రోజు గరిష్ఠ పని గంటలు 9 నుంచి 10కి పెంచేదానికి చట్టం సవరించినారు. వారానికి 48 అన్న పరిమితి అట్లే ఉంది, అది నిజం. వాళ్లు కిందికి దిగి చేరిన పది దగ్గరికి మనం పైకెక్కి చేరుతుండాం. బెంగళూరు అన్న పాత ఇంగ్లండు సంగతి అన్నాడే, అందుకు చెప్తుండా.

చెరువుకింద_ఊరు
అందరూ ఒకటి దాటేసి పోతున్నారు. ఈ గీత గీసేటప్పుడు కులం ఎక్కడ పెట్టినారు? మాది మాలపల్లె. మా అన్న పదేళ్లు మగ్గం నేసినాడు, పని పూర్తిగా వచ్చు. సొంతంగా రెండు మగ్గాలు పెట్టుకుందామని లోనుకు పోతే, "మీది నేత కులం కాదు కదా, షావుకారు మీకు బీములు ఇస్తాడా" అన్నాడు అక్కడి ఆఫీసరు. అడ్డంగా అడిగినాడని కాదు, ఆయన చెప్పింది నిజమే. షావుకారు ఇవ్వలేదు. అంటే ఉత్పత్తి సాధనం కొనుక్కునేదానికి డబ్బొక్కటే చాలదు. పోగు అక్క వాళ్ల నాయనకు అప్పు పుట్టింది, బీములు వచ్చినాయి. ఆ రెండూ ఆయన కష్టంతోనే రాలేదు, పుట్టుకతో కూడా వచ్చినాయి.

అంబేడ్కర్ 1936లోనే అన్నాడు, కులం పనిని విభజించడమే కాదు, పనిచేసేవాళ్లనే విభజించేది అని.

పాతకార్మికుడు
వర్గపోరాటం ముదిరితే కులం సడలిపోతుందమ్మా. ఆర్థిక సంబంధాలే పునాది, కులం దాని మీది పైకప్పు, పునాది మారితే...

చెరువుకింద_ఊరు
సార్, ముప్పై రెండేళ్లు యూనియన్‌లో ఉన్నారు. మీ యూనియన్ ఆఫీసు పక్క హోటల్లో మా వాళ్లకు గ్లాసు వేరుగా ఉండేదా లేదా?

పాతకార్మికుడు
ఉండేది. మొదట్లో, 80ల్లో. ఊరి హోటల్లో. మేము ఒకే జెండా పట్టుకుని గేటు మీటింగు పెట్టి, టీ తాగేదానికి అందరం కలిసే పోయేవాళ్లం. గ్లాసు చూసినా చూడనట్టు తాగినా. ఒకాయన, నాకన్నా మంచి కార్మికుడు, బయట నిలబడి తాగేవాడు. ఏదో మాటల్లో పడి లోపలికి రాలేదనుకునేవాణ్ణి. అట్లా అనుకోవాలని అనుకున్నా. నువ్వడిగింది న్యాయం. పునాది అన్నా కదా ఇందాక, ఆ మాట వెనక్కి తీసుకుంటుండా. కులం మన దగ్గర పునాదిలోనే ఉంది, ఎవరికి మగ్గం దొరుకుతుందో అదే చెప్తుంటే పైకప్పు అని ఎట్లా అంటాం.

బెంగళూరు_శుక్రవారం
నేను వాదించేదానికి వచ్చినా కానీ ఇది చదివినాక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. మా టీములో పన్నెండు మందిమి. నేను ఫ్రీగా మార్కెట్టులో పోటీ పడి వచ్చినా అనుకుంటా. మా ఇంట్లో ఇంగ్లీషు పేపర్ రావడం, కోచింగుకు తిరుపతిలో రెండేళ్లు పెట్టి చదివించడం, ఇవి ఎవరి మగ్గం మీద నేసినవో ఎప్పుడూ లెక్కేయలేదు. మార్క్స్ అన్నింటికీ జవాబు అని ఇప్పటికీ ఒప్పుకోను.

కండె_చుట్టే_చెయ్యి
ఇంత పొడుగు చర్చలో ఆడమనిషి పని ఒక్క లైను లేదు. షెడ్డు పక్కన గూట్లో కూర్చుని అడ్డం నూలుకు కండెలు చుట్టేది ఎవరు? మగ్గంలో అటూ ఇటూ పోయే నాడెలో కండె లేకపోతే నాలుగు మగ్గాలూ ఆగుతాయి. మా అత్త, నేను, స్కూలు నుంచి వచ్చినాక మా పాప. నాకు మీటరు లెక్కా లేదు, కండె లెక్కా లేదు. వంటతో పాటు అదీ ఇంటిపనే అంటారు.

అలిపిరి_ట్యాక్సీ
మా అమ్మ తిరుచానూరులో ఇంట్లో కూర్చొని మల్లెపూలు కడతాది, కిలోకు ఇంతని. కట్టిన పూలు గుడి ముందర మూర లెక్కన అమ్ముతారు. కిలోలో ఎన్ని మూరలొస్తాయని ఎప్పుడు అడిగినా అంగడోడు చెప్పడు. ఒకసారి నేనే కొలిచినా. కొలిచినాక అమ్మకు చెప్పలా, బాధపడతాదని.

ఏకాంబరకుప్పం_పోగు
లెక్క తెచ్చినా. నిన్న రాత్రి నాయన్ని అడిగితే మొదట కసురుకున్నాడు, తరువాత ఆయనే పాత నోటుబుక్కు తీసి పక్కన కూర్చున్నాడు. ఇది ఒక మామూలు రోజు, కరెంటు పోకుండా ఉంటే.

పగలు ఇద్దరూ తలా 80 మీటర్లు నేస్తారు, మొత్తం 160. షావుకారు మీటరుకు 9 రూపాయలిస్తాడు, అంటే 1,440. నేసేవాళ్లకు మీటరుకు 5, అంటే 800. కరెంటు 160. సామాన్లు, ఆయిలు, మెకానిక్కు కలిపి సగటున 50. మిగిలేది 430. బ్యాంకు కంతు నెలకు 9,000, పని జరిగే 25 రోజులకు పంచితే రోజుకు 360. ఆఖరికి మిగిలేది 70.

వాళ్లు అడిగిన అర్ధ రూపాయి 160 మీటర్లకు 80 అవుతుంది. చేతిలో ఉన్నది 70. నాయన కుదరదన్నది పిసినారితనంతో కాదు, ఆ పది రూపాయలతో.

మరి మేము ఎట్లా తింటున్నామంటే ఆయన రాత్రి నేసే 80 మీటర్లతో. ఆ డబ్బు ఆయన సొంత కూలీ. నోటుబుక్కులో షావుకారు రేటు వెనక్కి తిప్పి చూసినా. నాలుగేళ్లుగా అదే 9. ఈ నాలుగేళ్లలో ఆయన్ని ఎవరూ పెంచమని అడగలేదు. నాయన్ని అడిగితే, "ఎవురు అడుగుతారమ్మా, అడిగినోడికి బీములు రావు" అన్నాడు.

నేతగాడి_కొడుకు
అక్కా, లెక్క దాచకుండా పెట్టినావు, అందుకు నీకు దండం. కానీ ఒకటి కలిపేసినావు. 360 కంతులో వడ్డీ ఎంత, అసలు ఎంత?

ఏకాంబరకుప్పం_పోగు
పాసుబుక్కు చూసినా. ఇప్పుడు నెలకు వడ్డీ 3,500, అసలు 5,500. రోజుకు 140, 220.

నేతగాడి_కొడుకు
వడ్డీ బ్యాంకుకు పోయింది, సరే. అసలు 220 యాడికి పోయింది? అది ఖర్చు కాదక్కా. ఆ 220 ప్రతిరోజూ మగ్గంలో మీ వాటాగా చేరుతుంది. అప్పు తీరినరోజు నాలుగు మగ్గాలు మీవి. 160 మీటర్లు నేసిన ఇద్దరికి అందులో ఒక బోల్టు కూడా రాదు. మా నాయన పదిహేడేండ్లు అట్లాంటి కంతులే కట్టినాడు, వేరేవాళ్ల మగ్గాలకు.

మీ నాయన దొంగ అని నేను అనను. కానీ చేతిలో 70 ఉంది కాబట్టి మిగిలింది 70 అనుకోవడం తప్పు.

పాతకార్మికుడు
ఈ పిల్లోడు మూడో సంపుటం చదవకుండానే చెప్పేసినాడు. పుట్టిన మిగులు ఒక్కరి చేతిలో ఆగదు, లాభం, వడ్డీ, బాడుగ అని పంచుకుంటారు, వ్యాపారి తన వాటా తీసుకుంటాడు. ఈ షెడ్డులో కనపడే మిగులు 430. వడ్డీ 140, మగ్గంలో చేరేది 220, చేతికొచ్చేది 70. షావుకారు గుడ్డ అమ్మితే వచ్చేది ఈ నోటుబుక్కులో లేనే లేదు. అందరికన్నా పెద్ద వాటా ఆ కనపడని పేజీలో ఉంటుందని నా అనుభవం.

అందుకే పోగమ్మా, అర్ధ రూపాయి గొడవ నాలుగు గోడల మధ్య తేలదు. మీ నాయనా, ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ కొట్లాడుకున్నంతసేపు ఆ 9 మారదు. నగరిలో షెడ్డులన్నీ ఒకేసారి 9 గురించి అడగాల. అప్పుడు బీములు ఆపితే ఎవరికి ఆపుతాడు? అడిగేటప్పుడు నేసేవాళ్లు పక్కన ఉండాల, పెరిగిన దాంట్లో వాళ్లది ఎంతో ముందే కాగితం మీద ఉండాల. లేకపోతే ఓనర్లు గెలిచి ఇంటికి పోతారు, అట్లా జరగడం నేను చూసినా.

స్క్రాపుకు_అమ్మినవాడు
కాగితం మాట ముఖ్యం. మా పుత్తూరులో ఒకసారి ఓనర్లమంతా కలిసి రేటు పెంచుకున్నాం. నేసేవాళ్లకు పది పైసలు ఇచ్చినా నేను. మిగిలింది ఉంచుకున్నా.

నేతగాడి_కొడుకు
మీరు ఇది రాసినందుకు నేను ఇంకేమీ అనను అన్నా.

చెరువుకింద_ఊరు
ఆ కాగితం మీద కొత్తగా మగ్గం పెట్టుకునేవాళ్లకు బీములు ఇవ్వాలని కూడా ఒక లైను ఉంటుందా?

పాతకార్మికుడు
ఉండాల. నేను వస్తే అది అడుగుతా. నగరికి వస్తా, పిలిస్తే.

ఏకాంబరకుప్పం_పోగు
రండి సార్. నాయన ఆదివారం ఆ ఇద్దర్నీ ఇంటికి రమ్మన్నాడు. నోటుబుక్కు వాళ్ల ముందర పెడతానన్నాడు, పాసుబుక్కుతో సహా. 220 సంగతి నేను చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ లెక్క వాళ్లకు తెలుసు, నాకే తెలీదనుకుంటా" అన్నాడు.

క్లాసులో కాగితం ఇంకా ఇవ్వలేదు. సార్‌ను గడువు అడిగినా.

కండె_చుట్టే_చెయ్యి
చెల్లీ, నీ లెక్క మూడుసార్లు చదివినా. మజూరీ ఉంది, కరెంటు ఉంది, ఆయిలు కూడా ఉంది. నాలుగు మగ్గాలకు కండెలు ఎవరు చుడుతున్నారు?

ఏకాంబరకుప్పం_పోగు
అమ్మ.

కండె_చుట్టే_చెయ్యి
బయటి మనిషిని పెడితే మీ వీధిలో రోజుకు ఎంత?

ఏకాంబరకుప్పం_పోగు
నూటయాభై.

డెబ్బై మిగిలిందని రాసినా. ఇప్పుడే అమ్మ దగ్గరికి పోయి, రోజుకు ఎన్ని గంటలు చుడతావని అడిగినా. "ఎందుకే, అదేమన్నా పనా" అంది. మళ్లీ మొదటినుంచి వేస్తున్నా లెక్క.